సబ్‌జైలు గడిలో ఎన్నాళ్లు?

కోర్టు మెట్టు ఎక్కకుండానే నేను ఆరేళ్లపాటు కోర్టు పాఠం చెప్పాను. చెప్పడమే కాదు, బాగా చెబుతానని పేరు కూడా తెచ్చుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే నవ్వుకోండి, పరవాలేదు. కానీ మీలో ఎంతమంది సముద్రం చూశాకే సముద్రం పాఠం చెబుతున్నారో ఒకసారి గుర్తు చేసుకుని ఆ తర్వాత నవ్వండి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ఒకటి రెండేళ్ల ముందు సంగతి ఇది. కర్నూలు జిల్లాలో ఒక తాలూకా ఊరు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. ఇందులో మంచివాళ్లే ఎక్కువ. అయినా ఎవరి మనవడో చదివి, మా తాతను ఇలా రాస్తావా అని నా మీదికి రావడం ఈ వయసులో నాకు ఇష్టం లేదు. ఆ ఊళ్లో మిషను వారు ఆడవాళ్లకు ట్రెయినింగు స్కూలు నడిపేవారు. రెండేళ్ల చదువు. పరీక్ష పాసైతే పల్లె బడుల్లో టీచరు ఉద్యోగం. పదిహేడేళ్ల పిల్లలు మొదలుకొని, భర్త పోయాక చదువుకోవడానికి వచ్చిన ముప్పై ఏళ్ల ఆడవాళ్ల దాకా అందరూ ఒకే క్లాసులో కూర్చునేవాళ్లు. నేను కడప వైపు నుంచి వెళ్లినదాన్ని, మిషను బడి పంతులు కూతుర్ని. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే పాఠం ఉందని లేచి వెళ్లిపోయేదాన్ని.

నేను చెప్పే పాఠాల్లో పౌరధర్మాలు ఒకటి. అందులో ఒక అధ్యాయం, నేరం మోపబడిన మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతాడన్నది. పోలీసు స్టేషను, మేజిస్ట్రేటు, రిమాండు, అంటే విచారణ ముగిసేదాకా సబ్‌జైల్లో ఉంచడం, పూచీ మీద విడిచే జామీను, చార్జిషీటు, విచారణ, పెద్ద నేరమైతే సెషన్సు కోర్టు, ఆపైన మద్రాసు హైకోర్టు. ఇవన్నీ బోర్డు మీద వరసగా రాసి చదివించేదాన్ని. వాళ్లు బట్టీ పట్టి పరీక్షలో అప్పజెప్పేవాళ్లు. ఒక సంవత్సరం ఒకావిడ ముద్దాయికి ముందు శిక్ష వేసి, హైకోర్టుకు పంపి, ఆ తర్వాత తీరిగ్గా పోలీసులకు పట్టించింది. పేపరు దిద్దుతూ కడుపుబ్బ నవ్వాను. నవ్వు ఆగాక, ఈ వరస నాకైనా సరిగ్గా తెలుసా అని అనుమానం వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లు హాస్టలు వరండాలో నాపరాళ్ల మీద సుద్దతో వైకుంఠపాళి గీసుకుని ఆడుతున్నారు. పాచికలు లేవు. చింతగింజలను ఒక పక్క రాతి మీద తెల్లగా అరగదీసి, గుప్పెట్లో కదిపి విసురుతారు. తెల్లవైపు ఎన్ని పడితే అన్ని గడులు. ముందురోజు నా పాఠంలో ఆవులించిన మనుషులే అక్కడ పాము నోట్లో పడ్డందుకు ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకుంటున్నారు. మరునాడే బజారు నుంచి రెండు గజాల ముతక గుడ్డ తెప్పించాను.

ఆ గుడ్డ మీద నల్లరంగుతో గడులు గీశాను. కింది గడి నేరం మోపడం. చిట్టచివర పక్కపక్కనే రెండు గడులు, విడుదల ఒకటి, శిక్ష ఒకటి. మధ్యలో స్టేషను, మేజిస్ట్రేటు, సబ్‌జైలు, సెషన్సు. జామీను ఒక నిచ్చెన, నిజం చెప్పే సాక్షి ఇంకో నిచ్చెన. తప్పుడు సాక్ష్యం పాము. వాయిదా అన్నిటికన్నా పొడుగు పాము. మా వైపు కోర్టును కచేరి అంటారు కాబట్టి దానికి కచేరి పటం అని పేరు పెట్టాను. మా ప్రిన్సిపాలు దొరసాని గారు బైబిలు చదివి తెలుగు నేర్చుకున్న మనిషి. పటం ముందు చాలాసేపు నిలబడి, "ఇది జూదమగును గదా?" అన్నారు.

"పందెం ఏమీ లేదమ్మా" అన్నాను.

"గెలిచినవారికి ఏమి దొరకును?"

"విడుదల" అన్నాను.

ఆవిడ నవ్వారు. "అది మంచిదే" అని వెళ్లిపోయారు. అలా నా పటానికి ప్రవేశం దొరికింది.

మా స్కూలు వెనక వీధిలో ఒక వకీలు దగ్గర ముప్పై ఏళ్లుగా గుమాస్తా పని చేస్తున్న సాయిబు ఉండేవాడు. ఆయన మనవరాలు మా ప్రాక్టీసు బడిలో నాలుగో తరగతి. ట్రెయినింగు వాళ్లు పాఠాలు చెప్పి నేర్చుకోవడానికి మా ఆవరణలోనే చిన్నపిల్లల బడి ఒకటి ఉండేది లెండి. పిల్ల చెప్పిందట, టీచరమ్మ కోర్టును గుడ్డ మీద రాసిందని. ఒకరోజు సాయిబు కళ్లజోడు దారంతో చెవికి కట్టుకుని వచ్చి, పటం ముందు గొంతుకూర్చున్నాడు.

"అంతా బాగుండాది గాని, ముద్దాయిని సబ్‌జైల్లో ఏసి మర్చిపోయినావే తల్లీ?"

"ఆరు పడితే బయటికి వస్తాడు సాయిబు గారూ."

"పడకుంటే? నీ గింజలు బోర్లా పడినన్నాళ్లూ వాడు ఆడనే కుళ్లిపోవల్లనా? సట్టం అట్ల ఒప్పుకోదు. రిమాండు పదైదు దినాలు. ఆ దినం మనిషిని మేజిస్ట్రేటు ముందర నిలబెట్టల్ల. ఇంకా ఉంచల్లంటే ఆయప్ప మళ్ల సంతకం పెట్టల్ల. కాగితం ఒకటి పోతే సాలదు, మనిషి పోవల్ల."

"మనిషి ఎందుకు? కాగితంలో అంతా ఉంటుంది కదా."

"మొగం సూసి సంతకం పెట్టేదానికీ, కాగితం సూసి పెట్టేదానికీ శానా తేడా ఉండాది తల్లీ." తర్వాత గొంతు తగ్గించి, "జరుగుతాండేది వేరే అనుకో. బంట్రోతు కాగితాల కట్ట ఎత్తుకోని మేజిస్ట్రేటు దొర ఇంటికి పోతాడు, ఆయన కాఫీ తాగుతా సంతకాలు గీకుతాడు. నువ్వు మాత్రం సట్టంలో ఉండేదే రాయి" అన్నాడు.

అలాగే రాశాను. సబ్‌జైలు గడిలో పడ్డవాడు పదిహేను రోజుల లెక్కన రెండు ఆటలు, అంటే తన వంతు రెండుసార్లు వచ్చి పోయేదాకా, కూర్చోవాలి. మూడో ఆటలో గింజలు ఎలా పడినా సరే, కాయను ఎత్తి మేజిస్ట్రేటు గడిలో పెట్టాలి. అది చిన్న సవరణ అనుకున్నాను. పటంలో చోటు లేక అంచు మీద చిన్న అక్షరాలతో ఇరికించాను.

ఆ ఏడు రెండో సంవత్సరం క్లాసులో కోడుమూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. ఇరవై రెండేళ్లుంటాయి. తల్లీ తండ్రీ పోతే బండి తోలే అన్న పెంచి చదివించాడు. అడిగితే తప్ప మాట్లాడే మనిషి కాదు. అలాంటిది, మాఘమాసం సగం దాటేసరికి ఆటలో ఆ ఒక్క రూలు దగ్గర మాత్రం ఎవరి మాటా వినని మనిషయింది. "రెండాటలైపాయ. లెయ్, లెయ్. మేజిస్ట్రేటు కాడికి పో" అని ఎదుటివాళ్ల కాయను తానే ఎత్తి పెట్టేది. మిగతా వాళ్లు ఆమెకు జైలరమ్మ అని పేరు పెట్టారు. ఆమె దగ్గర మూత డబ్బాలో ఎప్పుడూ చింతగింజలు ఉండేవి. ఆట మీద మోజు అనుకుని లోపల్లోపల మురిసిపోయాను. మంచి టీచరుకు ఉండవలసిన కళ్లు నాకు లేవని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

శివరాత్రి వెళ్లిన నాలుగైదు రోజులకు మద్రాసు నుంచి ఇన్‌స్పెక్ట్రెస్ తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ఆవిడ ఎదుట ఒక ట్రెయినింగు అమ్మాయి చిన్నపిల్లలకు పాఠం చెప్పాలి. నేను కచేరి పటం పెట్టాలనుకున్నాను. రూల్స్ బాగా తెలిసిన మనిషని ఈ అమ్మాయిని ఎంచుకున్నాను.

"నాతో కాదమ్మా. ఇంకెవరినన్నా పెట్టండి" అంది.

ఎందుకని అడిగాను. చెప్పదు. కోప్పడ్డాను. అప్పుడు లోపలికి వెళ్లి ఆ మూత డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి తెరిచింది. అరగదీయని గింజలు, మామూలు నల్ల గింజలు.

"ఇరవై ఒకటి ఉండాయమ్మా. మా యన్నను సబ్‌జైల్లో ఏసి ఇరవై ఒక్క దినం. దినానికొకటి ఏస్తాండా."

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగితే, అప్పుడు మొత్తం చెప్పింది. వాళ్లన్న పల్లెల నుంచి పత్తి బోరేలు, అంటే పెద్ద గోనె సంచులు, మా ఊరి మిల్లుకు తోలుతాడు. ఒక ట్రిప్పులో మిల్లు దగ్గర దించి చూస్తే బోరెం ఒకటి తగ్గింది. పోలీసులు అతన్ని పట్టుకున్నారు, బండినీ ఎద్దులనూ స్టేషను ముందు కట్టేశారు. మేజిస్ట్రేటు పదిహేను రోజులు రిమాండు రాశాడు. ఆ పదిహేనో రోజు సరిగ్గా శివరాత్రి. మేజిస్ట్రేటూ పోలీసులూ అందరూ మహానంది తిరునాళ్లకు బందోబస్తుకు వెళ్లారు. మేజిస్ట్రేటుకు అక్కడే చలిజ్వరం పట్టుకుంది. లేచి తిరిగి వచ్చి రెండు రోజులే అయింది. అన్నను మాత్రం ఎవరూ పిలవలేదు. వదిన వారానికి రెండుసార్లు నడిచి వస్తోంది, మొగుడికి జొన్నరొట్టెలు, ఎద్దులకు నెత్తిన సొప్పకట్ట మోసుకుని. సబ్‌జైలు వార్డరును అడిగితే దొర పిలిస్తే తీసుకుపోతానంటాడు. కచేరిలో గుమాస్తాను అడిగితే వార్డరు తీసుకొస్తే చూస్తామంటాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"దొంగ సెల్లెలికి సర్టిఫికెట్టు ఇస్తారా అమ్మా?"

ఆ భయం ఉత్తది కాదు. నడత మంచిదని ప్రిన్సిపాలు సంతకం చేస్తేనే పరీక్షకు కూర్చోనిచ్చేవారు. ఇంకా రెండు నెలల్లో పరీక్ష.

"పదైదు దినాలని మీరు సెప్పిందాకా నాకు తెల్దమ్మా. ఊరికే గింజలేసుకుంటాంటి. తెలిసినంక ఊరికే ఉండలేకుండా ఉండా" అంది. కళ్లలో నీళ్లు లేవు. నాకే వచ్చాయి.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. సాయిబు ఇల్లు నా గదికి ముప్పై అడుగుల దూరం. వెళ్లి ఒక్క మాట చెబితే ఆ సాయంత్రమే అర్జీ రాసేవాడు. నేను వెళ్లలేదు. తనిఖీ నాలుగు రోజుల్లో ఉంది, ఇప్పుడు కదిపితే ఊరంతా గుప్పుమంటుంది, దొరసాని గారి చెవిన పడితే నీ సర్టిఫికెట్టు పోతుంది, తనిఖీ అయిన మరునాడే నేనే స్వయంగా చూస్తాను అని నచ్చజెప్పాను. "నాలుగు రోజులే కదా" అన్నాను.

ఆమె డబ్బాలోకి ఒకసారి చూసింది. మూత పెట్టింది. "సరేమ్మా" అంది.

అదంతా ఆమె మంచి కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం, ఇన్‌స్పెక్ట్రెస్ నా పటం చూసి మెచ్చుకోవాలి. మెచ్చుకుంటే మద్రాసులో పై చదువుకు నా పేరు పంపుతారని ఒక ఆశ. ఈ గొడవ బయటపడితే తనిఖీ రోజు అందరూ నా పటం మాట మరిచి జైలు మాటే మాట్లాడుకుంటారు. అంతటితో ఆగానా? పాఠం అరగంటే కాబట్టి ఆ అంచు మీది రూలు వదిలేయమని కూడా ఆమెకు చెప్పాను. మరునాడు సాయిబు గోడవతల నుంచి, "ఏం తల్లీ, పటం ఎట్ల ఆడతాండారు?" అని అడిగాడు. బాగా ఆడుతున్నారని చెప్పాను. ఇప్పటికీ ఆ జవాబు తలుచుకుంటే సిగ్గుతో చస్తాను.

తనిఖీ రోజు హాలంతా తోరణాలు కట్టాము. ముందు వరస కుర్చీల్లో ఇన్‌స్పెక్ట్రెస్, దొరసాని గారు, ఊరి పెద్దగా పిలిచిన సబ్ మేజిస్ట్రేటు, ఆయన భార్య. మేజిస్ట్రేటు సన్నటి మనిషి. జ్వరం నుంచి కొత్తగా లేచాడేమో, ఆ ఎండలోనూ శాలువా కప్పుకుని వచ్చాడు. పటం నేల మీద పరిచి, చుట్టూ పన్నెండు మంది పిల్లలను కూర్చోబెట్టింది ఆ అమ్మాయి. గింజలు గలగలలాడాయి. పిల్లలు అరుస్తున్నారు, పాములు మింగుతున్నాయి, ఇన్‌స్పెక్ట్రెస్ నోటుబుక్కు పక్కన పెట్టి ముందుకు వంగి చూస్తున్నారు. నా గుండె ఉప్పొంగిపోయింది, దాచుకోను.

ఇన్‌స్పెక్ట్రెస్‌కు హుషారు వచ్చి, అతిథులు కూడా ఒక ఆట ఆడాలన్నారు. మేజిస్ట్రేటు నవ్వుతూ పీట మీదికి దిగాడు. ఆయన కాయగా ఎర్ర గాజుముక్క పెట్టారు. ఆయన తరఫున గింజలు వేసింది సాయిబు మనవరాలు. రెండు ఆటల్లో ఆయన బాగానే ఎక్కాడు. మూడో ఆటలో తప్పుడు సాక్ష్యం పాము నోట్లో పడి నేరుగా సబ్‌జైలు గడిలోకి జారాడు. హాలంతా గొల్లుమంది.

"నేనేం తప్పు చేశానమ్మా?" అన్నాడాయన.

"తప్పు సేసినారో లేదో ఇంకా తెల్దు సార్. అందుకే ఆడ పెట్టినాము" అంది ఆ పిల్ల.

ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆట తిరిగింది. ఒకసారి ఆయన వంతు వచ్చి పోయింది, రెండోసారి వచ్చి పోయింది. మూడోసారి పిల్లలు గింజలు పట్టుకుని ఆగారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను వద్దన్నట్టు తల ఆడించాను. చాలా కొంచెమే ఆడించాను, కానీ ఆడించాను. ఆమె చూపు తిప్పుకుంది.

"సార్ను పైకి తీసుకపోవల్ల" అంది సాయిబు మనవరాలు.

"నాకు ఆరు పడలేదు కదా?" అన్నాడు మేజిస్ట్రేటు.

"పడకున్నా తీసుకపోవల్ల సార్. పదైదు దినాలైపాయ."

"తీసుకుపోకపోతే?"

పిల్లకు దానికి జవాబు తెలియదు. వాళ్ల టీచరు మొహం చూసింది. ఆ అమ్మాయి లేచి నిలబడి చేతులు కట్టుకుంది.

"పాము మింగితే మళ్ల ఎక్కొచ్చు సార్. ఆడ పెట్టి మర్చిపోతే ఎక్కేదానికి దావ లేదు" అంది. "మా యన్న మీ సబ్‌జైల్లో ఉండాడు సార్. ఈ దినానికి ఇరవై ఐదు. పదైదో దినం శివరాత్రి. అప్పుటి నుంచి ఎవరూ పిల్చలేదు."

దొరసాని గారు నా వైపు చూశారు. ఇన్‌స్పెక్ట్రెస్‌కు ఇది పాఠంలో భాగమో కాదో అర్థం కాలేదు. మేజిస్ట్రేటు తన గాజుముక్కను తానే తీసి మేజిస్ట్రేటు గడిలో పెట్టాడు.

"మీ అన్న పేరు?" అన్నాడు. ఆమె చెప్పింది.

"కచేరిలో పని ఉంది, మన్నించాలి" అని ఇన్‌స్పెక్ట్రెస్‌కు చెప్పి ఆయన వెళ్లిపోయాడు. శాలువా కుర్చీలోనే మరిచిపోయాడు. ఆయన భార్య మాత్రం నిబ్బరంగా కూర్చుని తన లడ్డూ, ఆయన లడ్డూ కూడా తిని, పిల్లలు బాగా ఆడారని మెచ్చుకుని మరీ వెళ్లింది.

అప్పుడు పరుగెత్తాను సాయిబు ఇంటికి, నాలుగు రోజుల కిందట పరుగెత్తవలసినదాన్ని. ఆయన విని చెప్పులు వేసుకుని కచేరికి పోయాడు. జరిగింది తర్వాత ఆయనే వచ్చి చెప్పాడు. "వార్డరేమో గుమాస్తాను సూపిచ్చె, గుమాస్తా వార్డరును సూపిచ్చె. దొర ఇద్దరినీ ఆపి, 'నేనూ అడగలేదు కదయ్యా' అనె. ఇన్నేండ్లలో ఆ మాట అన్న దొరను సూడలేదు తల్లీ." ఆ మధ్యాహ్నమే మనిషిని ముందు నిలబెట్టారు. సాయిబు జామీను అర్జీ రాశాడు, మా చర్చి పెద్ద ఒకాయన పూచీ పడ్డాడు. పొద్దు వాలకముందే అన్న బయటికి వచ్చాడు. ఎద్దులూ వచ్చాయి. డొక్కలు ఎండిపోయి ఉన్నా, సొప్ప మోసిన వదినను చూడగానే తలలు ఎత్తాయట.

అతను బండి తోలుకుని మా గేటు దగ్గరికి వచ్చాడు. చెల్లెలు గేటు ఇవతల, అన్న అవతల. అతను నన్ను చూసి చేతులెత్తి మొక్కాడు. "మీరే మా సెల్లెలికి సట్టం నేర్పినారంట గదమ్మా. మీ రుణం తీర్చుకోలేము" అన్నాడు. నాకు నేల చీలి అందులోకి దిగిపోతే బాగుండుననిపించింది.

దొరసాని గారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె సర్టిఫికెట్టు ఆపవద్దని బతిమాలాను. ఆవిడ విని, "ఆమె సంగతి కాదు. నీవు ఎరిగియుండియు నాలుగు దినములు ఊరకుంటివా?" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి సర్టిఫికెట్టు మీద నడత మంచిది అన్న చోట "మిక్కిలి" అని తన చేత్తో చేర్చి సంతకం పెట్టారు.

మిగతావన్నీ మంచి సంగతులే. రెండు నెలల తర్వాత కేసు కొట్టేశారు. తగ్గిన బోరెం వేరేవాళ్ల బండి సరుకులో కలిసి మిల్లు గోడౌనులోనే దొరికింది. ఇన్‌స్పెక్ట్రెస్ తన రిపోర్టులో, పరికరం బాగుంది గానీ అతిథి మధ్యలో లేచిపోవడం వల్ల పాఠానికి ముగింపు లోపించింది అని రాశారు. మద్రాసుకు నా పేరు పంపడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. తనిఖీ అయిన వారానికి మేజిస్ట్రేటు శాలువా కోసం తానే వచ్చాడు. పటం మళ్లీ పరచమన్నాడు. నిలబడి చూసి, "అందరికీ పాములు పెట్టావు, మేజిస్ట్రేటుకు ఒక్క పాము లేదేమమ్మా?" అన్నాడు. పాము పెడితే ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే వేలు పెట్టి చూపించాడు. ఆ పామును ఆ అమ్మాయే గీసింది, కాస్త పెద్దదిగానే గీసింది. అప్పటి నుంచి ఆయన ఉన్నంతకాలం పదిహేనో రోజున ముద్దాయిలు సబ్‌జైలు నుంచి కచేరికి నడిచి వెళ్లడం మా కిటికీలోంచి కనిపించేది. కిటికీ దగ్గర గుమిగూడి, అదిగో మూడో ఆట అనేవాళ్లు మా పిల్లలు.

ఆ అమ్మాయి కోడుమూరు వైపే పల్లె బడిలో చేరింది, అక్కడే హెడ్మిస్ట్రెస్ అయింది. పటం మూడుసార్లు చినిగితే మూడుసార్లు కొత్త గుడ్డ మీద దించాను. ప్రతిసారీ ఆ రూలును అంచు మీద కాకుండా నడుమ పెద్ద అక్షరాలతో రాశాను. ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో తలుచుకుంటే సంతోషం కలిగించేది ఈ పటమే. కొత్త టీచర్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మీరు చెప్పిన పాఠం ఎవరో ఒకరు నిజంగా వింటారు. వాళ్లు దాన్ని పట్టుకుని మీ దగ్గరికే వస్తారు. ఆ రోజు మీకు వేరే పని ఉండకూడదు.

ఒక్క సంగతి మిగిలింది. పరీక్షలు అయ్యాక ఆమె ఊరికి వెళ్లే రోజు పెట్టె సర్దుకుంటోంది. ఆ మూత డబ్బా అడిగి తీసుకుని బల్ల మీద గింజలు బోర్లించాను. నాలుగు గింజలు ఏరి పక్కన పెట్టుకుని, మిగతావి తిరిగి డబ్బాలో పోశాను.

"అవెందుకమ్మా?" అంది.

"ఇవి నావి" అన్నాను.

ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నన్ను ఓదార్చడానికి అన్నట్టు, "పదైదు దాటినంక మేజిస్ట్రేటువి ఆరు ఉండాయి కదమ్మా. మీవి నాలుగే" అంది.

"ఆయనకు తెలియదు. నాకు తెలుసు" అన్నాను.

ఆమె నా చేతిలోని గింజల వంక చూసింది. డబ్బాకు మూత పెట్టింది. "సరేమ్మా" అంది, ఆ రోజు అన్నట్టే.